ఆటగాని మాట, మన తూనిక

ఆటగాడు ఆటలాడవలయును గాని మాటలాడరాదని మనలో పెక్కుమంది యభిప్రాయము. రాజకీయములు నాయకులకు, ధర్మచర్చలు పండితులకు, బంతియు బ్యాటును ఆటగానికి అని పనులు పంచిపెట్టి, ఆ గిరి దాటినవానిని మందలించుట మనకు వాడుకయైనది. ఈ యభిప్రాయము సరియైనదా కాదా యని విచారించుటకు ముందు మరియొక ప్రశ్న వేసికొనవలసియున్నది. దీనిని మనము అందరియెడల, అన్ని వేళల, ఒక్కతీరున పాటించుచున్నామా? ఆటగాని మాట పరులను నొప్పించినప్పుడు వీరుడని పొగడి, అదే మాట మనలను నొప్పించినప్పుడు వీనికి రాజకీయము లేల యని గద్దించుచున్నచో, అది సిద్ధాంతము కాదు, సౌకర్యము మాత్రమే.

చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతములవారికి ఇది దూరదేశపు చర్చ కాదు. హైదరాబాదునుండి హిమాయత్‌సాగరు, గండిపేట చెరువుల నడుమగా మొయినాబాదునకును, అటనుండి చేవెళ్లకును పోవు బాట వెంట నేడు కళాశాలలు, తోటబంగళాలు, ఆటస్థలములు వెలసినవి. మొయినాబాదు మండలము ముర్తుజాగూడలో 2013వ సంవత్సరమున సానియా మీర్జా పేర టెన్నిస్ శిక్షణాలయము నెలకొన్నది. ఆ పేరు చుట్టు ఈ దేశమున చెలరేగిన వాదములను ముందు చెప్పుదుము. మొదట హైదరాబాదుతో సంబంధము గల రెండు సంఘటనలను ప్రక్కప్రక్కన పెట్టి చూతము. ఆ రెంటికి నడుమ ఏడు నెలలు మాత్రమే గడచినవి.

ఒకటి మనము గర్వముతో చెప్పుకొనునది. మహమ్మద్ సిరాజ్ హైదరాబాదువాడు. ఆటోరిక్షా నడిపి సంసారము నీడ్చిన తండ్రికి కుమారుడు. 2020 నవంబరులో అతడు భారతజట్టుతో ఆస్ట్రేలియాలో నుండగా ఆ తండ్రి మరణించెను. సిరాజ్ ఇంటికి రాక జట్టుతోడనే నిలిచి, డిసెంబరు నెలాఖరున మెల్‌బోర్నులో తన తొలి టెస్టు ఆడెను. తరువాతి టెస్టు సిడ్నీలో. 2021 జనవరి 10వ తేదీన, ఆట నాల్గవనాడు, బౌండరీకడ నిలిచియున్న అతనిని ప్రేక్షకులలో కొందరు దూషించిరి. ఇట్టి దూషణలను గూర్చి భారతజట్టు ముందటినాడే ఫిర్యాదు చేసియుండెను. సిరాజ్ ఊరకుండలేదు. బౌండరీ విడిచి నడచివచ్చి నాయకుడు అజింక్య రహానేతోను, అంపైర్లతోను సంగతి చెప్పెను. దాదాపు పది నిమిషములు ఆట నిలిచిపోయెను. పోలీసులు ఆరుగురు ప్రేక్షకులను వెలుపలికి పంపిరి. కావలసినచో ఆట విడిచిపోవచ్చునని అంపైర్లు చెప్పిరనియు, తప్పు చేసినవారము మేము కాము గనుక ఆడెదమని రహానే బదులిచ్చెననియు సిరాజ్ తరువాత తెలిపెను.

ఇది వికెట్టు పడినదా లేదా యను ఆటలోని తగవు కాదు. రంగును, జాతిని బట్టి మనుష్యుని హీనపరచుట తగదని, పరదేశమున, రెండవ టెస్టు మాత్రమే ఆడుచున్న యువకుడు స్టేడియములో ఆట నాపి చేసిన నిరసన. రాజకీయమను మాటకు మంచి యర్థమున్నచో ఇదియే ఆ రాజకీయము. నాడు మన దేశమున అతనికి లభించినది మెప్పే గాని మందలింపు కాదు. ఆస్ట్రేలియా క్రికెట్టు సంస్థ క్షమాపణ చెప్పెను. తరువాతి టెస్టున బ్రిస్బేనులో సిరాజ్ రెండవ ఇన్నింగ్సున అయిదు వికెట్లు తీసెను; భారతజట్టు ఆ వరుసను 2-1గా గెలిచెను. తిరిగివచ్చిననాడు అతడు విమానాశ్రయమునుండి నేరుగా తండ్రి సమాధికడకు పోయినప్పుడు కన్నీరు పెట్టనివారు అరుదు.

ఇక రెండవది. ఇది అంతకు ఏడు నెలలకు ముందటిది. 2020 మే 25వ తేదీన అమెరికాలోని మినియాపొలిస్ నగరమున జార్జి ఫ్లాయిడ్ అను నల్లజాతి పురుషుడు పోలీసు ఉద్యోగి మోకాలిక్రింద ప్రాణము విడిచెను. లోకమంతయు అట్టుడికినట్లయ్యెను. జూన్ నెలలో వెస్టిండీస్ జట్టు పూర్వనాయకుడు డారెన్ సామీ ఒక సంగతి బయటపెట్టెను. అతడు 2012, 2016 సంవత్సరములలో ఇరువది ఓవర్ల ప్రపంచకప్పును రెండుమారులు గెలిచిన జట్టునకు నాయకుడు. 2013, 2014లలో సన్‌రైజర్స్ హైదరాబాదు జట్టున ఆడునప్పుడు తనను, శ్రీలంక ఆటగాడైన తిసారా పెరీరాను ‘కాలూ’ అని పిలిచెడివారనియు, బలమైన గుఱ్ఱమని దాని యర్థమనుకొని తానును నవ్వుచుంటిననియు, నిజమైన యర్థము ఇప్పుడు తెలిసి మనస్సు మండినదనియు అతడు చెప్పెను. కాలూ యనగా నల్లవాడని మన పాఠకులకు విప్పిచెప్పనక్కరలేదు. ఆ జట్టులోని భారతీయ ఆటగాడొకడు 2014లో ప్రకటించిన చిత్రము క్రింద ఆ మాట వ్రాసియుండుట కూడ బయటపడెను.

సిడ్నీ ప్రేక్షకుల విషయమున మనకు క్షణమైన సందేహము కలుగలేదు. సామీ విషయమున మాత్రము మనలో పలువురకు సందేహములు పుట్టినవి. అది ముద్దుపేరు గదా యనిరి. ఆరేండ్లు ఊరకుండి ఇప్పుడేల యనిరి. మన యిండ్లలో అట్లు పిలుచుకొనుట లేదా యనిరి. కొన్నాళ్లకు, పిలిచినవారిలో ఒకరు తనతో మాటలాడిరనియు, అది ప్రేమతో అన్న మాటయని చెప్పిరనియు, తెలియనివారికి తెలియజెప్పుటయే ఇక తన పని యనియు సామీ ప్రకటించెను. సామీ యుదారత సామీది. దానిని మన నిర్దోషిత్వమునకు సాక్ష్యముగా చూపుట న్యాయము కాదు. ఆ యేటనే ఐ.పి.ఎల్. పోటీలు అరబ్ ఎమిరేట్లలో జరిగినప్పుడు అదే హైదరాబాదు జట్టున ఆడిన వెస్టిండీస్ వీరుడు జేసన్ హోల్డర్, నల్లజాతివారి గౌరవమును గూర్చి అచట ఒక్క సంభాషణయైన తన చెవిని పడలేదని విచారము వెలిబుచ్చెను. మనము ఆ విచారమును కూడ పెద్దగా పట్టించుకొనలేదు.

‘ప్రేమతోనే అంటిమి’ అను సమాధానమును కొంచెము విప్పి చూతము. పిలిచినవాని మనస్సున ద్వేషము లేకపోవచ్చును. కాని పిలుపుయొక్క బరువు పిలిచినవాని నోట తెలియదు. విన్నవాని చెవిలో తెలియును. మన గ్రామములలో పెద్దరైతు తన పాలేరును, వయస్సున తనకన్న పెద్దవానినైనను, ‘ఒరే’ యని పిలుచుటయు, కులము పేరు పెట్టి కేకవేయుటయు పూర్వమునుండి యున్నదే. అడిగినచో, ‘వాడు మా యింటి మనిషి, చనువుకొలది అంటిమి’ అని చెప్పుదురు. ఆ పాలేరు అదే చనువుతో యజమానిని ‘ఒరే’ యనగలడా? అనలేనిచో అది చనువు కాదు, అలవాటైపోయిన యధికారము. ఎదురాడక నవ్వి యూరకున్నవాడు సమ్మతించినవాడు కాడు. సామీ నవ్వినది అర్థము తెలియక. పాలేరు నవ్వునది గతిలేక. రెండు నవ్వులును పిలిచినవానికి ఒక్కతీరుననే కనబడును. అందుచేతనే, ఇంతకాలము ఊరకున్నవారు ఇప్పుడేల మాటలాడుచున్నారను ప్రశ్నకు విలువ లేదు. మాటలాడుటకు ధైర్యమో, స్థానమో, అర్థజ్ఞానమో చేకూరిననాడే మనుష్యుడు మాటలాడును.

గురివింద తన నలుపెరుగదను సామెత ఇచట చక్కగా నొప్పును. కాని ఆ సామెతలో సైతము నలుపు లోపమునకు మారుపేరై యుండుట గమనింపవలసినది. నీలమేఘశ్యాముని ఇలవేల్పుగా కొలిచెడి వారి యిండ్లలోనే పెండ్లిచూపులనాడు ‘పిల్ల రంగు తక్కువ’ యను మాట వినబడుచున్నది; ఆ మాటకు తగినట్లు కట్నము పెరుగుచున్నది. హైదరాబాదున ఏ.సి. గార్డ్సు అను పేట కలదు. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్సు అను నిజాము గుఱ్ఱపుదళము పేరు అట్లు కుదించుకొనిపోయినది. ఆఫ్రికానుండి వచ్చిన సిద్దీలు ఆ దళమున కొలువు చేసిరి. వారి సంతతివారు నేటికిని అచట కలరు. వారి మర్ఫా వాద్యము మ్రోగనిచో హైదరాబాదు పెండ్లి ఊరేగింపు నిండుగా నుండదు. తరతరములుగా ఈ నేలపై పుట్టి పెరిగిన వారిని జుట్టును, రంగును చూచి ‘మీదే దేశము’ అని యడుగువారు ఇప్పటికిని లేకపోలేదు. టోలిచౌకీ ప్రాంతమున అద్దెకుండి చదువుకొను ఆఫ్రికా విద్యార్థులకు ఈ ప్రశ్న మరింత మొరటుగా ఎదురగుచుండును. వారి కెవ్వరికిని సిరాజునకు వలె ఆట నాపి అంపైరుతో చెప్పుకొను వసతి లేదు. ఆ వసతి గలవాడు చెప్పినప్పుడు, అతడు తన యొక్కనికొఱకే చెప్పుట లేదు. ఆటగాని మాటకు విలువ అందుచేతనే వచ్చుచున్నది.

ఆటలో రాజకీయము చొప్పించరాదని చెప్పువారు, ఆట ఎన్నడైన రాజకీయమునకు వెలుపల నుండెనా యని చరిత్రను అడిగి చూడవలెను. బొంబాయిలో తెల్లవారు, పారసీకులు, హిందువులు, మహమ్మదీయులు వేరువేరు జట్లుగా క్రికెట్టు ఆడిన చతుష్పక్ష పోటీలు దేశమంతట ప్రసిద్ధములు. హిందూజట్టున పల్వంకర్ బాలూ అను నంటరాని కులమువాడు మేటి బౌలరు. 1911లో ఇంగ్లండునకు పోయిన భారతీయ జట్టులో నూటికి మించి వికెట్లు తీసినవాడు ఆయనయే. ఆయన వేసిన బంతి అందరికిని కావలెను. ఆయనతో పంక్తిభోజనము పనికిరాదు. ఆయనకు నాయకత్వము అంతకన్నను పనికిరాదు. 1920లో నాయకత్వమును గూర్చి తమకు కులమును బట్టి అన్యాయము జరిగినదని ఆయన తమ్ములు విఠల్, శివరామ్ జట్టునుండి తొలగి, ఆ కారణమును బహిరంగముగా ప్రకటించిరి. ఆటగాండ్రు ఆత్మగౌరవమునకై చేసిన నిరసనలలో మన దేశమున ఇది తొలివానిలో నొకటి. ఫలము వెంటనే రాకపోలేదు. ఆ పోటీ ముగియకమునుపే బాలూ ఉపనాయకుడయ్యెను. 1923లో విఠల్ నాయకుడయ్యెను. ఆ యేడు హిందూజట్టు గెలిచెను. నాడు ఆ సోదరులు ఆట మాత్రమే ఆడి నోరు మూసికొనియున్నచో ఆ గెలుపు మరెన్ని యేండ్లకు వచ్చియుండునో! మతమును బట్టి జట్లు విభజించుట తగదని 1940లో గాంధీమహాత్ముడు కూడ స్పష్టముగా చెప్పెను. 1946 తరువాత ఆ పోటీలు నిలిచిపోయినవి.

తెలుగువారికి వర్ణద్వేషము పుస్తకములలో చదివిన విషయము కాదు. 1860 నవంబరు 16వ తేదీన చెన్నపట్టణమునుండి ‘ట్రూరో’ యోడ దర్బను రేవు చేరినప్పుడు దక్షిణాఫ్రికాలో కూలివారి జీవితము ఆరంభమయ్యెను. ఆ రీతిగా పోయినవారిలో తెలుగువారు వేలకొలది. వారి పిల్లలు, మనుమలు తెల్లవారి బడిలో చదువరాదు, తెల్లవారి బల్లపై కూర్చుండరాదు, తెల్లవారి జట్టున ఆడరాదు. 1968లో బాసిల్ డి ఒలివెరా ఇంగ్లండు జట్టున చేరినప్పుడు, పుట్టుకచే తెల్లవాడు కాడను కారణమున దక్షిణాఫ్రికా ప్రభుత్వము ఆ జట్టు రాకనే నిరాకరించెను. 1974లో డేవిస్ కప్పు టెన్నిస్ తుదిపోటీకి భారతజట్టు చేరుకొన్నది. ఎదిరిపక్షము దక్షిణాఫ్రికా. ఆడియున్నచో అమృతరాజు సోదరుల బలమున ఆ కప్పు మనకు దక్కవచ్చునని చాలమంది యాశ. కాని వర్ణవివక్షము పాటించు రాజ్యముతో ఆడబోమని భారతదేశము తుదిపోటీనే వదలుకొన్నది. కప్పు దక్షిణాఫ్రికాకు పోయెను. గౌరవము మనకు మిగిలెను. నాడు ఆటలో రాజకీయము తగదని మనము అనలేదు. నేటికిని ఆ త్యాగమును తలచుకొని తలయెత్తుదుము. ప్రభుత్వము చేసినచో ధర్మము, ఆటగాడు చేసినచో అవిధేయత యగునా?

1968లోనే మెక్సికో ఒలింపిక్ పోటీలలో 200 మీటర్ల పందెమున గెలిచిన టామీ స్మిత్, మూడవ స్థానము పొందిన జాన్ కార్లోస్, తమ నల్లజాతి బాధలను లోకమునకు తెలుపుటకై పతకవేదికపై నల్ల చేదొడుగుల పిడికిళ్లెత్తి తలలు వంచిరి. వారిని పోటీలనుండి పంపివేసిరి. స్వదేశమున బెదరింపులు వచ్చినవి. రెండవ స్థానము పొందిన పీటర్ నార్మన్ ఆస్ట్రేలియా తెల్లవాడు. అతడు పిడికిలి యెత్తలేదు. వారి చిహ్నమును మాత్రము తన ఱొమ్మున ధరించెను. 1972 ఒలింపిక్ పోటీలకు అతనిని పంపలేదు. 2006లో నార్మన్ మరణించినప్పుడు అతని పాడె మోసినవారిలో స్మిత్, కార్లోస్ లిద్దరును కలరు. 2012లో ఆస్ట్రేలియా పార్లమెంటు దిగువసభ అతనికి జరిగిన దానికి క్షమాపణ తెలిపెను. వియత్నాము యుద్ధమునకు పోనని 1967లో నిరాకరించిన మహమ్మదాలీ పట్టము పోగొట్టుకొనెను. 1971లో అమెరికా సుప్రీంకోర్టు అతని శిక్షను కొట్టివేసెను. ఈ కథలన్నింటి క్రమ మొక్కటియే. మొదట తిట్లు, తరువాత మౌనము, కడపట శిలావిగ్రహము. శిలావిగ్రహము పెట్టునాటికి తిట్టినవారి పేరు ఎవ్వరికిని జ్ఞప్తియుండదు.

ఇక ముర్తుజాగూడకు వత్తము. సానియా మీర్జా బాల్యమునుండి హైదరాబాదున పెరిగి ప్రపంచ టెన్నిసున జంటల యాటలో ప్రథమస్థాన మందిన తొలి భారతీయ స్త్రీ. ఆమెకు పదునెనిమిదేండ్లు నిండియును నిండని 2005లో ఆమె యాటదుస్తులు మతవిరుద్ధములని ఒక మతాచార్యుడు ఆక్షేపించెను. 2008లో, జాతీయపతాకము చెంత ఆమె కాళ్లు చాపి కూర్చున్నట్లు తోచిన ఛాయాచిత్ర మొకటి పట్టుకొని పతాకమును అవమానించినదని వ్యాజ్యమువేసిరి. ఆ వివాదములకు విసిగి ఆ యేడు బెంగుళూరు పోటీలో ఆడక మానుకొనెను. 2012 ఒలింపిక్ జట్టు ఎంపిక తగవులో, పురుషుల పంతములు తీర్చుటకై తన్ను ఎరగా వాడిరని ఆమె బహిరంగముగా వ్రాసినప్పుడు, ఆ మాటలోని న్యాయముకన్న ఆ మాట చెప్పిన ధైర్యమే కొందరికి నేరముగా తోచెను.

2014 జూలైలో క్రొత్తగా నేర్పడిన తెలంగాణ ప్రభుత్వము ఆమెను రాష్ట్రప్రచారమునకు ప్రతినిధిగా నియమించినది. శాసనసభలో భారతీయ జనతాపక్ష నాయకుడైన కె. లక్ష్మణ్ గారు, ఆమె పుట్టినది మహారాష్ట్రమున గనుక స్థానికురాలు కాదనియు, పాకిస్తాను ఆటగాని పెండ్లాడుటచే ఆ దేశపు కోడలనియు ఆక్షేపించిరి. ఆమె తన బదులును వ్రాతపూర్వకముగా ప్రకటించెను. తల్లి యారోగ్యము బాగుండక ప్రత్యేక వైద్యమునకై బొంబాయి పోవలసివచ్చినదనియు, మూడు వారముల పసికందుగా తాను హైదరాబాదు చేరితిననియు, తన కుటుంబము నూరేండ్లకు మించి ఈ నగరమున నున్నదనియు, తన ముత్తాత గండిపేట కట్ట నిర్మాణమున ముఖ్యుడైన ఇంజనీరనియు తెలిపెను. తాను జీవితాంతము భారతీయురాలనే యని ముగించెను.

ఈ విషయమును మొయినాబాదువారు ప్రత్యేకముగా తలపోయవలసియున్నది. 1908 మూసీ వరదల పిదప నగరరక్షణకై తలపెట్టి 1920లో పూర్తిచేసిన గండిపేట చెరువు వారి పొలిమేర నున్నది. ఆ కట్ట కట్టినవారిలో నొకని మునిమనుమరాలు, ఆ కట్టకు చేరువనే పిల్లలకు టెన్నిస్ నేర్పించు నిలయమును నిలిపిన స్త్రీ, తాను ఈ దేశపుదాననని ఋజువుపత్రము దాఖలు చేయవలసివచ్చెను! ఋజువడుగుటయే ఇచట అవమానము. ఒకే పని చేసిన యిద్దరిలో ఒకరి నడుగక మరొకరినే అడుగుటలో ఆ యవమానమున్నది. ఒక ప్రక్కవారు మతమునకు చాలినంత విధేయురాలు కాదనిరి. మరియొక ప్రక్కవారు దేశమునకు చాలినంత విధేయురాలు కాదనిరి. ఇరుపక్షములవారును ఒకరికొకరు పగవారు. ఆమె యాటకన్న ఆమె పుట్టుకను, దుస్తులను, పెండ్లిని చూచుటలో మాత్రము ఏకాభిప్రాయులైరి. రెండు నెలలు తిరుగకమునుపే ఆమె అమెరికా జాతీయపోటీలలో మిశ్రమజంటల పట్టము గెలిచెను. 2015 ఏప్రిలులో జంటల యాటలో ప్రథమస్థాన మందెను. గెలుపు రాగానే అందరును ఆమెను మన బిడ్డ యనిరి. గెలిచిననాడు బిడ్డ, మాటలాడిననాడు పరాయిది యను బంధుత్వము ఎట్టి బంధుత్వము?

ఈ రెండు తూనికల న్యాయమునకు 2021 అక్టోబరు 24వ తేదీ మఱపురాని సాక్ష్యము. ఆనాడు దుబాయిలో పాకిస్తానుతో ఆటకు ముందు భారతజట్టు ఆటగాండ్రు నల్లజాతివారి గౌరవమునకై మోకాళ్లూనిరి. భారతజట్టు ఆ పోటీలో ఓడెను. పదునొకండుగురు ఓడినను, ఆ రాత్రియే వేలకొలది మాటల యీటెలు ఒక్కని మీదనే పడినవి. అతడు మహమ్మద్ షమీ. అతని దోషము అతని మతము. పరదేశపు వివక్షమునకై మోకాలూనిన దేశము స్వదేశపు వివక్షమును మోకాలెత్తునకు పెంచుకొనుట నాడు లోకము చూచెను. నాయకుడు విరాట్ కోహ్లీ ఊరకుండలేదు. మతమును బట్టి మనుష్యుని వేధించుట అతి హీనమైన పనియని ఆ నెలాఖరున పత్రికలవారి యెదుట చెప్పెను. దానికై అతని కుటుంబమునకును బెదరింపులు తప్పలేదు. 2023లో మల్లయోధులు వినేశ్ ఫోగట్, సాక్షి మాలిక్, బజరంగ్ పూనియా మొదలగువారు తమ సంఘాధ్యక్షునిపై స్త్రీల ఫిర్యాదులను విచారింపుడని ఢిల్లీలో ధర్నా చేసినప్పుడును, దేశమునకు పతకములు తెచ్చిన చేతులనే దేశమునకు అపకీర్తి తెచ్చినవని నిందించినవారు కలరు. అపకీర్తి ఫిర్యాదువలన రాదు. ఫిర్యాదు చేయవలసిన స్థితివలన వచ్చును.

ఆటగాడు చెప్పినదెల్ల వేదమని మా యభిప్రాయము కాదు. పరుగెత్తుటలో నేర్పరి యైనవాడు రాజ్యతంత్రమునను నేర్పరి కానక్కరలేదు. అతని మాటను తర్కించుటకు, ఖండించుటకు, త్రోసిపుచ్చుటకు పౌరులకు నిండు హక్కు కలదు. ఆరోపణము వచ్చినంతనే దోషి యని తీర్చుటయు తగదు. సిడ్నీ విషయమునే చూడుడు. సిరాజునకు దూషణ జరిగిన మాట నిజమేయని విచారణలో తేలెను. కాని ఆనాడు వెలుపలికి పంపబడిన ఆరుగురు ఆ దోషులు కారనియు తేలెను. ఫిర్యాదు విచారణకు నాంది, తీర్పు కాదు. ఇట్లే, మౌనముగా నుండదలచిన ఆటగానిని మాటలాడుమని బలవంతపెట్టుటయు న్యాయము కాదు. మేము కోరునది ఒక్కటియే. మాటకు మాటతోనే బదులు చెప్పుడు. అతని రంగు, కులము, మతము, పుట్టినయూరు, పెండ్లాడినయిల్లు బదులు కావు. మరియు, సిరాజునకు సిడ్నీలో ఏ తూనిక వాడితిమో, సామీకి హైదరాబాదున ఆ తూనికయే వాడుదము.

మొయినాబాదు మండలమందలి చిలుకూరు బాలాజీ ఆలయ అర్చకులు సి. ఎస్. రంగరాజన్ గారు 2018 ఏప్రిలులో హైదరాబాదు జియాగూడ రంగనాథస్వామి ఆలయమున దళిత భక్తుని తమ భుజములపై నెక్కించుకొని మునివాహనసేవ జరిపిన సంగతి మన పాఠకులకు తెలియును. తిరుప్పాణాళ్వారును లోకసారంగముని మోసిన పురాతన వృత్తాంతమునకు అది పునరావృత్తి. పూజారి పూజ మాత్రము చేయవలెను గాని సంఘవిషయములతో పనియేమని ఆయనను అడుగుదుమా? ఆయన భుజముతో ఏ మాట చెప్పిరో, స్మిత్ పిడికిలితో, కోహ్లీ జట్టు మోకాలితో ఆ మాటయే చెప్పిరి. శరీరముతో జీవించువానికి శరీరమే భాష. పూజారియు, ఆటగాడును పుస్తకములు వ్రాసి వాదింపరు. నిలుచుటచేత, వంగుటచేత, మోయుటచేత చెప్పుదురు.

కావున చేయవలసిన పని సుదూరమున లేదు. చేవెళ్ల, మొయినాబాదు పాఠశాలలలో సాయంకాలము కబడ్డీ యాడు పిల్లలలో ఒకడు మరొకనిని ‘నల్లోడా’ యనియో, కులము పేరు పెట్టియో పిలిచినప్పుడు ఉపాధ్యాయుడు ఈల యూది ఆట నాపవచ్చును. సిడ్నీలో పది నిమిషములు ఆట నిలిచినది. మన యూరి మైదానమున రెండు నిమిషములు నిలిచిన చాలును. గ్రామజట్టు పందెములకు పోయినచోట అన్ని కులముల పిల్లలును ఒక్క పంక్తిని భోజనము చేయునట్లు పెద్దలు చూడవచ్చును. బాలూకు దక్కనిది వీరికి దక్కును. తోటలలో, బంగళాలలో పనిచేయువారిని వారి పేరుతో పిలువవచ్చును. వీనికి ధనవ్యయము లేదు, చట్టమక్కరలేదు. ముర్తుజాగూడ మైదానమున నేడు బంతి కొట్టుచున్న బాలికలలో ఎవ్వతెయో రేపు లోకము మెచ్చు క్రీడాకారిణి కావచ్చును. ఆమె ఒకనాడు ఏదో యన్యాయమును చూచి నోరు తెరచినప్పుడు, ఆమె ఏ మాట చెప్పెనని మనము ముందుగా వినవలెను. ఎవరి బిడ్డ యని తరువాత నైనను అడుగనక్కరలేదు.